ప్రేమకథలో దయ్యానికేం పని?

పెళ్లి చేసుకుంటానని చిన్నప్పుడు మాట ఇచ్చి, పెద్దయ్యాక చెప్పాపెట్టకుండా పారిపోయిన కుర్రవాణ్ణి గులాబీల గుత్తితో మొహం మీద కొట్టిన పిల్లను మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. టాక్సీలోంచి దిగింది. దొరసానిలా ముస్తాబై ఉన్నది. చేతిలో ఇంతేసి పూలగుత్తి. ఎదురుగా ఆ కుర్రవాడు నోరు తెరుచుకొని నిలబడి ఉన్నాడు. ఎడాపెడా వాయించేసింది. వాయించడం అయ్యాక, యూనివర్సిటీలో సీటు సంపాదించినందుకు అభినందనలు చెప్పి చక్కా పోయింది.

ఆ పిల్ల పేరు కాగా కోకో. జపానువాళ్లకు కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. కాగా అన్నది ఇంటిపేరు. ఇంతకూ ఆమె మనిషి కాదు, బొమ్మ. ‘గోల్డెన్ టైమ్’ అనే బొమ్మల ధారావాహికలో నాయిక. ఇటువంటి వాటిని జపానులో యానిమే అంటారు. మన కాలేజీ పిల్లలకు ఆ మాట ఇప్పుడు కాఫీ, సినిమా వంటి మాట అయిపోయింది. జపాను టెలివిజనులో 2013 అక్టోబరులో మొదలై 2014 మార్చిలో ముగిసిన 24 భాగాల కథ ఇది. ప్రేమ, హాస్యం, యూనివర్సిటీ చదువు - మూడూ కలిపి వండిన వంటకం. మొదటి విస్తరి చూసి లొట్టలు వేశాను. చివరి విస్తరి దగ్గర ఆకలితోనే లేచాను. ఎందువల్ల అలా జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం. కథ చెప్పకుండా ఆ సంగతి చెప్పడం నా వల్ల కాదు గనుక, ముగింపు తెలిస్తే చూడబుద్ధి కాదనేవారు ఇక్కడే పేజీ తిప్పి సీరియల్ నవలకు వెళ్లిపోవచ్చు.

ఆశ పడడానికి కారణం ఉన్నది. జపాను బొమ్మల ప్రేమకథల్లో నాయికా నాయకులకు సాధారణంగా పదహారేళ్లో పదిహేడేళ్లో ఉంటాయి. హైస్కూలు యూనిఫారం, మేడమీద మధ్యాహ్నపు డబ్బా భోజనం, స్కూలు పండుగ, వేసవిలో బాణసంచా. ఇవి లేకుండా కథ నడిస్తే ఏదో అపచారం జరిగినట్లే లెక్క. పన్నెండు వారాలు గడిచాక చెయ్యీ చెయ్యీ తగులుతుంది. చివరి వారం ఒకరు ‘నువ్వంటే నాకిష్టం’ అంటారు. శుభం. ఆ తరువాత ఆ ఇద్దరూ ఎలా బతికారో, ఎవరి చదువు ఏమైందో, ఒకరి అలవాట్లు ఒకరు ఎలా భరించారో మనకు చెప్పే నాథుడుండడు. గడప దాకా తీసుకువెళ్లి తలుపు వేసేస్తారన్నమాట.

యూనివర్సిటీ కథ అంటే ఆ తలుపు తెరిచి లోపలికి తీసుకుపోవడం. జపానులో చదువుల సంవత్సరం ఏప్రిల్లో, చెర్రీలు పూసే వేళ మొదలవుతుంది. ఆ దేశంలో పద్ధెనిమిదేళ్లు వచ్చినవారిలో సగానికి పైగా యూనివర్సిటీ మెట్లు ఎక్కుతారు. ఊరు విడిచి టోక్యో చేరినవాడు ఓ ఇరుకు గది అద్దెకు తీసుకుంటాడు. వంట తానే చేసుకోవాలి, బట్టలు తానే ఉతుక్కోవాలి, సాయంత్రాలు ఏ హోటల్లోనో కొట్లోనో పనిచేసి చేతిఖర్చు సంపాదించుకోవాలి. పొద్దెక్కేదాకా పడుకుంటే లేపే తల్లి లేదు. క్లాసు ఎగ్గొడితే అడిగే తండ్రి లేడు. ఇక విద్యార్థుల సంఘాలు, సర్కిళ్లంటారు వాటిని. టెన్నిసు సర్కిలు, టీ సర్కిలు, సినిమాలు తీసే సర్కిలు. మొదటి వారంలో పాత విద్యార్థులు దారి పొడుగునా నిలబడి, తిరునాళ్లలో మిఠాయి దుకాణంవాళ్లలా కొత్తవాళ్లను చెయ్యిపట్టి లాగుతూ ఉంటారు. అంతవరకు అమ్మానాన్నలూ మేష్టర్లూ ఎంట్రన్సు పరీక్షలూ నడిపించిన జీవితం మొట్టమొదటిసారి తన చేతికి వస్తుంది. ఎవరితో తిరగాలి, ఎవరిని ప్రేమించాలి, ఏ మనిషిగా ఉండాలి - అన్నీ తానే తేల్చుకోవలసిన కాలం. పేరు కూడా అందుకే ‘బంగారు కాలం’ అని పెట్టి ఉంటారు.

కథ అల్లినవారూ సామాన్యులు కారు. మూలం తాకెమియా యుయుకో అనే రచయిత్రి నవల. 2010లో మొదలై సంపుటాలుగా వచ్చింది. ఆమె అంతకుముందు రాసిన ‘తొరాదొరా’ 2008లో బొమ్మల ధారావాహికగా వచ్చి, హైస్కూలు ప్రేమకథల్లో ఇప్పటికీ పేరు చెప్పుకునేదిగా నిలిచింది. ఆ చిత్రం తీసిన జె.సి.స్టాఫ్ సంస్థే దీన్నీ తీసింది. దర్శకురాలు కొన్ చియాకి. సంగీత కళాశాల పిల్లల కథ ‘నొదామె కాంతాబిలె’ మొదటి భాగం వేరొకరు తీయగా, తరువాతి రెండు భాగాలను నడిపిన మనిషి. ఇంత సరంజామా ఉన్నప్పుడు ఆశపడని ప్రేక్షకుడెవడు?

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. మొదటి భాగాలు బాగున్నాయి. తాదా బన్రి అనే కుర్రవాడు షిజువోకా నుంచి - జపానులో తేయాకుకు పేరుపడ్డ సీమ - టోక్యోకు న్యాయశాస్త్రం చదవడానికి వస్తాడు. అక్కడ లా చదవడానికి ముందు బి.ఏ. కానక్కరలేదు. స్కూలు చదువు కాగానే చేరవచ్చు. చేరిన వారిలో చాలామంది ప్లీడర్లు కారు, ఆఫీసు ఉద్యోగాలకు పోతారు. (మన కథలోవాళ్లు ఒక్క సెక్షనయినా చదివినట్లు కనిపించదు. అది వేరే విషయం.) మొదటిరోజే బన్రి దారి తప్పుతాడు. అలాగే దారి తప్పిన యానాగిసావా మిత్సువో స్నేహితుడవుతాడు. ఇద్దరూ కలిసి వెళ్తుండగా గులాబీలు దిగుతాయి.

మిత్సువో, కోకో చిన్ననాటి నేస్తాలు. పసితనంలో పెళ్లి మాట అనుకున్నారు. కుర్రవాడు మరిచిపోయాడు. పిల్ల మరవలేదు. మరవకపోవడమే కాదు, ఏ ఏడు ఏం చేయాలో, ఎప్పుడు పెళ్లో, ఎలాంటి కాపురమో జాతకం రాసినట్లు రాసిపెట్టుకున్నది. అది భరించలేక మిత్సువో, తామిద్దరూ చదివిన పెద్దింటి పిల్లల స్కూలు దారి విడిచి, రహస్యంగా ఈ యూనివర్సిటీకి పరీక్ష రాసి వచ్చేశాడు. తీరా చూస్తే ఆమె కూడా పరీక్ష రాసి పాసై అదే క్లాసులో కూర్చున్నది!

ఇటువంటి పిల్లను హాస్యానికి వాడుకోవడం తేలిక. ఈ కథ అంతటితో వదిలిపెట్టలేదు. క్లాసులో అందరూ ఆమె అందం చూసి, బట్టలు చూసి పక్కకు తప్పుకుంటారు. సర్కిళ్లవాళ్లు దారిన పోయే ప్రతివాణ్ణీ పిలుస్తారు గాని ఆమెను పిలవరు. పిలుస్తారేమోనని ఆమె నడక కాస్త నెమ్మది చేస్తుంది. ఆ నడక చూసి నాకు జాలి వేసింది. చివరికి ఎవరో ఆప్యాయంగా పిలిస్తే, బన్రితో కలిసి వాళ్ల విడిది శిబిరానికి పోతుంది. తీరా అది సర్కిలు కాదు, మతం పేరిట మనుషుల్ని పట్టే ముఠా. ఇది కల్పన కోసం కల్పించింది కాదు సుమండీ. 1995లో ఓం షిన్రిక్యో అనే మతం టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలినప్పుడు, వాళ్లలో పెద్ద చదువులు చదివినవారు ఉన్నారని తెలిసి ఆ దేశం నివ్వెరపోయింది. కొత్తగా చేరే పిల్లలను ఇటువంటి మారువేషపు సంఘాల విషయంలో జాగ్రత్తగా ఉండమని యూనివర్సిటీలు ఇప్పటికీ హెచ్చరిస్తూ ఉంటాయి. స్నేహితులు లేని పిల్లకు మొదట దొరికే స్నేహం ఎటువంటిదో ఇంత సులువుగా, నవ్విస్తూ చూపించినందుకు మెచ్చుకోవాలి. ఇద్దరూ రాత్రికి రాత్రి అక్కడినుంచి పారిపోతారు. ఆ చీకట్లోనే బన్రి తన గుట్టు చెబుతాడు. స్కూలు చదువు ముగిసిన రోజుల్లో వంతెన మీదనుంచి నదిలో పడ్డాడట. ప్రాణం దక్కింది గాని, అంతకుముందు సంగతులు ఒక్కటీ గుర్తులేవట.

ఇక్కడ నాకు కొంచెం గుండె ఝల్లుమన్నది. జ్ఞాపకం పోవడమంటే మన సినిమాలు చూసి పెరిగిన వాళ్లకు కొత్తా? తలకు ఒక దెబ్బ తగిలితే పోవడం, రెండో దెబ్బ తగిలితే రావడం! అయినా సరే, చూద్దామనుకున్నాను.

అన్నట్టు పక్కపాత్రలు కూడా సరదాగా ఉంటాయి. నిజం ఆడపిల్లలతో వేగలేక ఇక కాగితం మీది బొమ్మలనే ప్రేమిస్తానని ఒట్టు పెట్టుకొని, ‘టూడీ’ అని పేరు తెచ్చుకున్న సహాధ్యాయి ఒకడు. బన్రి గది పక్కనే ఉంటూ, గోడ దద్దరిల్లేలా పాడుతూ, కనబడ్డవాణ్ణల్లా తిడుతూ ఉండే పాటగత్తె ఒకతె. వీళ్లందరికీ తలా ఒక కథ ఉండవలసింది. ఉన్నట్లే ఉండి ఆవిరైపోతుంది.

బన్రి కోకోకు తన ప్రేమ చెబుతాడు. ఆమె స్నేహితులుగా ఉందామంటుంది. అతను తలవంచుకొని సరే అనకుండా, స్నేహం నా వల్ల కాదని మొహాన చెబుతాడు. నాకు నచ్చింది! నెమ్మది మీద ఆమె మనసు మారుతుంది. కథ మూడో వంతు దాటుతూండగానే ఇద్దరూ ఒకటవుతారు. మిగతా కథలు ముగిసే చోట ఇది అసలు పనిలోకి దిగిందన్నమాట. ఇహ చూడాలి తమాషా, అనుకున్నాను. జాబితా ప్రకారం ప్రేమించడం తప్ప తెలియని పిల్ల, గతమే లేని కుర్రవాడు. ఒకరికి రాసిపెట్టిన భవిష్యత్తు ఎక్కువ. రెండోవారికి వెనకటి పేజీలన్నీ తెల్లకాగితాలు. ఇద్దరూ కలిసి ఒక సంవత్సరం గడపాలి. ఎంత మంచి సరుకు!

ఇక ఆ ఫోటో సంగతి.

పండుగ నృత్యాలు నేర్చుకునే సర్కిలులో బన్రికి పెద్దక్కలాంటి సీనియరు ఒకామె ఉన్నది. హయాషిదా నానా. ఆ ఇంటిపేరు రాసే అక్షరాలను మరో విధంగా చదివితే ‘రిందా’ అవుతుంది గనుక అందరూ ఆమెను లిండా అంటారు. ఈ సర్కిలు ప్రధానంగా నేర్చేది అవా ఒదొరి అనే నృత్యం. షికోకు దీవిలోని తొకుషిమా పట్టణానిది. ఏటా ఆగస్టు నెల నడుమ, పితృదేవతల పండుగ రోజుల్లో, ఊరు ఊరంతా బారులు తీరి వీధుల్లో ఆడుతుంది. ఆడవాళ్లు మధ్యకు మడిచిన గడ్డి టోపీలు కళ్లమీదికి దించుకొని, కొయ్యచెప్పుల మునివేళ్ల మీద నడుస్తారు. మగవాళ్లు నడుము వంచి నేలబారుగా ఆడతారు. 1957 నుంచి టోక్యోలో కోయెంజి అనే పేటలో కూడా ఆడుతున్నారు. మన కోలాటంలాగే ఒంటరిగా కుదిరే ఆట కాదు. పదిమందీ ఒకే అడుగు వేయాలి. బన్రి ఆ అడుగు నేర్చుకొనేది లిండా దగ్గరే.

ఒకనాడు పాత సామాన్లలో ఒక ఫోటో దొరుకుతుంది. హైస్కూలు యూనిఫారంలో తాను. పక్కన నవ్వుతూ లిండా. అంటే ఇన్నాళ్లూ కొత్తమనిషిలా పలకరిస్తూ వచ్చిన ఈ అమ్మాయి తన పాత నేస్తం! ప్రాణస్నేహితురాలు! ఆ పాత బన్రి ఆమెను ప్రేమించాడు. ఆ మాట ఆమెతో చెప్పి, జవాబు వంతెన మీద చెప్పమని వెళ్లి నిలబడ్డాడు. ఆమెకు ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి వంతెన మీద అతను లేడు. ఆ జవాబు ఏమిటో నేను చెప్పను. చూడబోయేవారికి అదొక్కటైనా మిగలాలి.

ఇప్పుడు లిండా సంగతి ఆలోచించండి. తాను ఆలస్యం చేయడం వల్లనే అతను పడిపోయాడని లోలోపల కుమిలిపోయిన పిల్ల. ఆసుపత్రిలో చూడబోతే, అతను ఎవరో పరాయి మనిషిని చూసినట్లు చూశాడు. ఏడాది తిరిగేసరికి అదే మనిషి, అదే మొహం, అదే నవ్వు, జూనియరుగా ఎదురై పేరు చెప్పి పరిచయం చేసుకున్నాడు. ఏం చేయాలి? ‘నేను ఫలానా’ అంటే, గుర్తులేని ప్రేమను అతని నెత్తిన రుద్దినట్లవుతుంది. ఊరుకుంటే, తన కళ్లముందే వేరొక పిల్ల చెయ్యి పట్టుకుంటాడు. ఆమె ఊరుకున్నది. అడుగులు నేర్పింది. ఎండలో నిలబడి చప్పట్లు కొడుతూ లెక్క పెట్టింది. నాకు తెలిసినంతలో ఇంత నిబ్బరమైన పాత్ర ఇటువంటి సరదా కథల్లో అరుదు.

బన్రి సంగతీ అంతే. తనకు గుర్తులేని తన మాటకు తాను బాధ్యుడా, కాడా? అప్పు చేసింది తానే; పత్రం మీద చేవ్రాలు తనదే; కాని రాసినట్లు తెలియదు. ఎగ్గొట్టవచ్చునా? కోకో సంగతి మరీ చిత్రం. మిత్సువో గుర్తుంచుకోని మాటను పట్టుకొని అతణ్ణి వేధించిన పిల్లే, ఇప్పుడు బన్రికి గుర్తులేని మాటను చూసి భయపడుతోంది. లా క్లాసులో ఇంతకంటె మంచి కేసు దొరుకుతుందా? ముగ్గురు మనుషులు, ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురిదీ న్యాయమే. వీళ్లు ముగ్గురూ మాట్లాడుకొని, దెబ్బలాడుకొని, ఏడ్చి, ఎవరో ఒకరు వదులుకొని - ఇలా తేలవలసిన వ్యాజ్యం.

ఇలా తేలదు. దయ్యం వస్తుంది.

హాస్యానికి అనడం లేదు. నదిలో పడ్డ పాత బన్రి, ప్రేతంగా కొత్త బన్రి వెనకే తిరుగుతుంటాడు. మొదట్లో దూరంగా నిలబడి కథ చెబుతాడు. అప్పటికది అందంగానే ఉన్నది. తన ఒంట్లో తనది కాని జీవితం నడుస్తుంటే చూస్తున్న అభాగ్యుడు! రానురాను వాడికి అసూయ పుడుతుంది. నా లిండాను మరిచి సుఖపడతావా అని శపిస్తాడు. ఆ తరువాత అంతా అటు పోతుంది. బన్రికి ఉన్నట్టుండి పాత జ్ఞాపకం పొంగుతుంది, ఎదుటివాళ్లు ఎవరో తెలియక కెవ్వుమంటాడు, మళ్లీ సర్దుకుంటాడు. మిత్రులందరూ సముద్రతీరానికి కారులో విహారం పోతే, తిరుగుదారిలో కోకోకు కునుకు పట్టి ప్రమాదం తప్పుతుంది. ఒక గండం గట్టెక్కేలోపల ఇంకొకటి. నవ్వు అన్నమాట వినబడదు. టూడీ, పాటగత్తె, మిత్సువో - అందరూ ఆసుపత్రి వరండాలో బంధువుల్లా మొహాలు వేలాడేసుకొని నిలబడతారు.

వైద్యం మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. జ్ఞాపకశక్తి మీద 1881లో పుస్తకం రాసిన రిబో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, మెదడు దెబ్బతిన్నప్పుడు మొదట చెదిరేవి దగ్గరి జ్ఞాపకాలనీ, పాతవి గట్టిగా నిలుస్తాయనీ చెప్పాడు. తలకు దెబ్బ తగిలినవారిలో సాధారణంగా పోయేవి ప్రమాదానికి అటూ ఇటూ ఉన్న గంటలో, రోజులో. అమ్మ పేరు, పుట్టిన ఊరు తుడిచిపెట్టుకుపోయి, పాతది తిరిగిరాగానే కొత్తది గోడ మీది సున్నంలా రాలిపోవడం వైద్యుల పుస్తకాల్లో కంటె కథకుల పుస్తకాల్లోనే ఎక్కువ. అయినా అది నా ఫిర్యాదు కాదు. శకుంతల కథలో ఉంగరం పోతే దుష్యంతుడు మరిచాడు, శాపమంటే సరేనన్నాం. కాని అక్కడ శాపం మనుషుల్ని విడదీసింది. మళ్లీ కలిసే వేళకు దుష్యంతుడు పశ్చాత్తాపంతో కాలి మసైన మనిషి. ఇక్కడ శాపం మనుషుల పని తానే చేసేస్తుంది. బన్రి లిండా వైపు మొగ్గితే దయ్యం లాగింది గనుక. కోకోను దూరం పెడితే జ్ఞాపకం తప్పింది గనుక. అతను ఏదీ ఎంచుకోలేదు. ఎంచుకోనివాడి ప్రేమ చూసి మనం ఎందుకు ఉత్కంఠ పడాలి? సొంతంగా ఎంచుకునే వయసు గురించి కథ ఎత్తుకొని, ఎంచుకునే పనే లేకుండా చేస్తే ఎలా?

మా మేనకోడలు దీనికి ఒప్పుకోదు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుతున్నది. ఈ ధారావాహిక నాకు చూపించింది ఆమే.

“మామయ్యా, నువ్వు దయ్యాన్ని దయ్యంలా చూస్తున్నావు. అక్కడే వచ్చింది చిక్కు,” అన్నది. “నేను ఊళ్లో ఉన్నప్పుడు ఎలా ఉండేదాన్ని, ఇక్కడికొచ్చాక ఎలా ఉన్నాను? ఆ పాత పిల్ల ఒక్కోసారి వెనకాలే వచ్చి నిలబడుతుంది. నన్ను మరిచిపోయావే అంటుంది. సెలవులకు ఇంటికెళితే అమ్మ ఆ పిల్లతోనే మాట్లాడుతుంది గాని నాతో మాట్లాడదు. బన్రి దయ్యం అంటే అదే.”

ఈ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. బాగా చెప్పింది. రచయిత్రి ఉద్దేశం కూడా అదే అయి ఉండవచ్చు. ఊరు వదిలిన ప్రతి విద్యార్థీ కొంత చచ్చి, కొంత పుడతాడు.

“అయితే ఆ పాత పిల్ల నీ పరీక్ష రాస్తుందా?” అని అడిగాను.

“రాయదు.”

“నీ స్నేహితుల్ని నీ చేత తిట్టిస్తుందా?”

“అలా అయితే డాక్టరు దగ్గరకు పోవాలి,” అని నవ్వి, “కాని మామయ్యా, కోకోకి ఏడుపు రాలేదా నీకు? నిజం చెప్పు,” అన్నది.

కోకోకి వచ్చింది. అదే నా బాధ! అంత మంచి పిల్లను తెచ్చి, రెండో సగమంతా పడకగది గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకోవడానికి నిలబెట్టారు. ఆమెకు గొంతు ఇచ్చిన నటి హొరియె యుయి. పాటలు పాడిందీ ఆమే. ‘తొరాదొరా’లో పైకి నవ్వుతూ లోపల దాచుకునే పిల్లకు కూడా గొంతు ఇచ్చింది. కోకో గొప్పగా మాట్లాడుతూ మాట్లాడుతూ మాట చివర చిన్నగా బెసకడం ఉన్నదే, అది ఆ గొంతు చలవే. కథ విడిచిపెట్టిన చోట కూడా ఆమె గొంతు పాత్రను విడిచిపెట్టలేదు.

అసలు ఇదే జె.సి.స్టాఫ్ సంస్థ ఇంతకంటె తక్కువ సరంజామాతో ఎంత పని చేసిందో చూస్తే కడుపు ఇంకా మండుతుంది. 2005లో ‘హనీ అండ్ క్లోవర్’ తీశారు. ఉమినో చికా గారి బొమ్మల నవల. ఆర్టు కాలేజీ పిల్లలు, పాడుబడ్డ మేడలో అద్దె గదులు, మాంసం తినే రోజు పండుగ. అక్కడ కుండలు చేసే యామాదా మయామాను ప్రేమిస్తుంది, అతనికి వేరొకామె మీద మనసు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసే రోజూ ఒకే బల్ల దగ్గర అన్నం తింటారు. తకెమొతో అనేవాడు ఒకనాడు సైకిలెక్కి, ఎక్కడికో తెలియకుండానే తొక్కుతూ తొక్కుతూ జపాను ఉత్తరపు కొస దాకా పోయి తిరిగి వస్తాడు. వచ్చి తన ప్రేమ ఆ పిల్లతో చెబుతాడు. ఏమవుతుందో తెలిసే చెబుతాడు. ‘నొదామె’ సంగతి సరేసరి. మురికి గదిలో ఉండే పియానో పిల్ల, విమానం ఎక్కాలంటే వణికే సంగీత పండితుడు. వాళ్ల ప్రేమ ఎంతసేపూ పని చుట్టూ తిరుగుతుంది: సాధన, పోటీ, ఓటమి. ‘గోల్డెన్ టైమ్’లో ఎవరికీ పని లేదు. పని లేని చోట దయ్యాలు చేరతాయని మా నాయనమ్మ అనేది.

సీరియల్ నవలలు చదివే పాఠకులు ఇంకొక సంగతి పోల్చుకుంటారు. మూల నవల ఆఖరి సంపుటం 2014 మార్చిలో వెలువడింది. బొమ్మల ధారావాహిక ముగిసింది కూడా ఆ నెలలోనే. రెండు బళ్లూ ఒకే స్టేషనుకు ఒకే వేళకు పరుగెత్తాయన్నమాట. మధ్యలో ఏ ఊరు దగ్గర ఆగాలో, ఏ ఊరు దాటిపోవాలో తీరిగ్గా ఆలోచించే వ్యవధి తీసినవారికి ఉన్నట్లు కనబడదు. అందుకేనేమో కోకో, బన్రి కలిసి షికారు పోవడం వంటి చిన్న సంగతులకు భాగాలకు భాగాలు ఖర్చయి, లిండాకు న్యాయం చెప్పవలసిన చోట నిమిషాలు కరువైనాయి.

ముగింపు వంతెన మీదనే. షిజువోకా రాష్ట్రంలో షిమాదా పట్టణం దగ్గర ఓయి నది మీద 1879లో కట్టిన హోరై వంతెన అని ఒకటున్నది. కొయ్యతో కట్టినది, మనుషులు నడిచేది. పొడవు 897.4 మీటర్లు, 1997లో గిన్నిసు పుస్తకంవాళ్లు ప్రపంచంలో కొయ్య నడక వంతెనల్లోకెల్లా పొడుగైనదిగా ఎక్కించారు. చిత్రంలో వంతెన చూస్తే నాకు అదే తోచింది. రెండువైపులా మోకాలెత్తు కమ్మీలు. కింద రాళ్ల నది. ఇంత పొడుగు వంతెన మీద ఇద్దరు రెండు కొసలనుంచి నడిచి వస్తుంటే, మధ్యలో ఎంత ఆలోచన పడుతుంది! చివరికి బన్రికి పాతదంతా గుర్తుకొచ్చి, టోక్యోలో గడిపిన ఏడాది ఎగిరిపోతుంది. కోకో ఎవరో తెలియదు. టూడీ తెలియదు. అమ్మతో నాన్నతో ఊళ్లో ఉంటాడు. తరువాత చేతికందిన కొన్ని గుర్తులు, స్నేహితుల పిలుపు, పరుగు, వంతెన. దయ్యం శాంతిస్తుంది, కోకో నిలబడి ఉంటుంది, గుర్తుకు వస్తుంది. అందరూ ఏడుస్తారు. సంగీతం పైకి లేస్తుంది. నాలుగు నెలలు ముడివేసిన పీటముడి నాలుగు నిమిషాల్లో విడిపోతుంది. విప్పినవారెవరు? ఎవరూ కాదు. అదే విడిపోయింది.

కోకోను మరవలేని చేతగానితనం వల్ల అతను ఆమెను చేరి ఉంటే, లేదా లిండా మొహం చూసి ‘నీకు మాట ఇచ్చినవాడు నేను కాను, క్షమించు’ అని తన నోటితో అని ఉంటే, నేను కూడా వాళ్లతో ఏడ్చేవాణ్ణి. జ్ఞాపకం వచ్చింది గనుక ప్రేమ వచ్చింది, జ్ఞాపకం రాకపోతే? ఆ ప్రశ్న అడగడానికే కదా ఇన్ని వారాలు కూర్చోబెట్టింది!

చూడదలచుకున్నవారు మొదటి పది భాగాలూ చూడండి. గులాబీల దెబ్బలు, రాత్రివేళ పారిపోవడం, ఫోటో - వీటికోసం చూడవచ్చు. జపాను భాష రాకపోయినా కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. పదో భాగం అయ్యాక తరువాతిది చూడాలని మనసు పీకుతుంది. ఆపుకోగలిగితే ఆపుకొని, ‘హనీ అండ్ క్లోవర్’ మొదలుపెట్టండి. అందులో దయ్యం లేదు. సైకిలు ఉన్నది.